ఫైర్ ఇన్‌స్పెక్షన్‌కు ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సుల సంగతి ఎలా చూసుకోవాలి

హన్మకొండలో మాది ఎలక్ట్రికల్ షాపు. వైరింగ్ పనులు కూడా పట్టుకుంటాం. ఎండలు ముదిరే నెలల్లో రోజుకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు: "అన్నా, ఫైర్ సార్లు వస్తున్నరట. ఎక్స్‌టెన్షన్ డబ్బాలన్నీ తీసి దాచిపెట్టాల్నా?" నయీంనగర్ హాస్టళ్లు, కిషన్‌పుర కోచింగ్ సెంటర్లు, చౌరస్తా జిరాక్స్ షాపులు, వరంగల్ బట్టల దుకాణాలు, ఎవరిని చూసినా ఇదే టెన్షన్. అందరికీ విడివిడిగా చెప్పేదంతా ఒక్క చోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. దాచకండి. పది కంప్యూటర్లున్న గదిలో గోడకు రెండే ప్లగ్ పాయింట్లు కనిపిస్తే, మిగతా ఎనిమిదింటికి కరెంటు ఎక్కడిదో వచ్చినాయనకు అడగకుండానే తెలిసిపోతుంది. ఆయన వెళ్లాక అవే డబ్బాలు మళ్లీ బల్లల కిందికి చేరతాయి, ప్రమాదమూ వాటితోపాటే వస్తుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు చనిపోయారు. పొగకు ఊపిరాడక పోయిన ఆ పిల్లల్లో ఎక్కువ మంది మన వరంగల్, మహబూబాబాద్ వైపు నుంచి పని కోసం వెళ్లినవాళ్లే. ఆ వార్త చదివినప్పటి నుంచి "సార్ వచ్చి పోయేదాకా ఎట్లనన్నా గడిపేద్దాం" అనే మాట నాకు మింగుడు పడదు.

ఇన్‌స్పెక్టర్ అభ్యంతరం బాక్సు ఉండటం మీద కంటే, నాలుగు రోజుల అవసరానికి తెచ్చిన బాక్సు నాలుగేళ్లుగా వైరింగులా నడవటం మీదే ఎక్కువ. ఇది గుర్తుంటే కింద రాసిన పనులన్నీ ఎందుకు చేయాలో తేలిగ్గా అర్థమవుతుంది.

కావలసినవి

ఒక నోటుబుక్కు, మార్కర్ పెన్ను, ఫోన్ కెమెరా, టార్చి లైటు. ఒక గంట సమయం, అదీ మీ దగ్గర అన్ని మిషన్లూ నడుస్తున్న వేళలో. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ ఒకరు, ఆయన దగ్గర క్లాంప్ మీటర్ (వైరును కొక్కెంలో పెట్టి ఎంత కరెంటు పోతోందో చూసేది). మెయిన్ బోర్డు దగ్గర ఏ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఏ గదిదో రాసిన కాగితం ఉంటే ఇంకా మంచిది. చాలా చోట్ల ఉండదు. లేకపోతే ఇదే అదనుగా రాసి అంటించండి.

1. వచ్చేది ఎవరో తెలుసుకోండి

అగ్నిమాపక శాఖ వేరు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ వేరు, గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ వేరు, కరెంటు ఇచ్చే ఎన్‌పీడీసీఎల్ వేరు. ఒక్కొక్కరు చూసేది ఒక్కోటి. ఫైర్ వాళ్లు దారులు, మెట్లు, మంటలార్పే సిలిండర్లు, నిప్పు పుట్టే అవకాశం ఉన్న చోట్లు చూస్తారు. మీటరు, సర్వీసు వైరు సంగతి ఎన్‌పీడీసీఎల్‌ది. ఒకరికి ఇవ్వాల్సిన జవాబు ఇంకొకరికి ఇచ్చి తిప్పలు పడ్డవాళ్లను చూశాను.

ఇంకో రకం వాళ్లు కూడా వస్తారు. ఖాకీ రంగు చొక్కా, చేతిలో ఫైలు, "ఫైర్ సేఫ్టీ నుంచి వచ్చాం" అంటారు. చివరికి సిలిండర్లు అమ్మే ఏజెంట్లని తేలుతుంది. మా షాపుకే రెండు సార్లు వచ్చారు. గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగండి. అసలు అధికారి అయితే చూపిస్తారు, ఏమీ అనుకోరు.

2. బాక్సులన్నిటికీ నంబర్లు వేయండి

గది గది తిరిగి ప్రతి ఎక్స్‌టెన్షన్ బాక్సు, స్పైక్ బస్టర్, మల్టీ ప్లగ్ మీద మార్కర్‌తో 1, 2, 3 అని రాయండి. నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ఏమేం పెట్టారో రాసుకోండి. ఫొటో తీయండి. బీరువా వెనక, క్యాష్ కౌంటర్ కింద, దేవుడి పటం దగ్గర సీరియల్ లైట్లకు పెట్టిన చిన్న డబ్బా, వాటర్ ఫిల్టర్ వెనక, ఇవన్నీ చూడండి. "మా దగ్గర నాలుగే ఉన్నయ్" అన్న ఒక కోచింగ్ సెంటర్లో లెక్కపెడితే పదిహేడు తేలాయి.

3. లోడు లెక్క కట్టండి

ఈ గైడులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, తొందరపడకండి.

మామూలు చిన్న పిన్ను బాక్సు 6 ఆంపియర్లది. మన కరెంటు 230 వోల్టులు. 6ను 230తో గుణిస్తే 1380 వాట్లు. అది దాని చివరి హద్దు. గంటల తరబడి నడిపేటప్పుడు 1100 వాట్లు దాటనివ్వకండి.

హాస్టల్ గది లెక్క చూద్దాం. నాలుగు ల్యాప్‌టాప్‌లు ఒక్కోటి 65 వాట్లు, మొత్తం 260. నాలుగు ఫోన్ ఛార్జర్లు 80. ఒక కూలరు 200. అన్నీ కలిపి 540 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్ల లోపే. బాక్సుకు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఒక అబ్బాయి టీ కోసం 1500 వాట్ల కెటిల్ అదే బాక్సుకు పెట్టాడు. మొత్తం 2040 వాట్లు, దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల బాక్సు మీద 9 ఆంపియర్లు పోతున్నాయి.

"ఎక్కువైతే ఎంసీబీ పడిపోతది కదా" అంటారు. పడదు. ఆ గది ఎంసీబీ 16 ఆంపియర్లదైతే 9 ఆంపియర్లు దానికి మామూలు లోడు. ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరును. బల్ల కింద ఉన్న సన్నటి బాక్సు వైరు గురించి దానికి తెలియదు. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది. ఎంసీబీ నిమ్మళంగా ఉంటుంది, కింద ప్లాస్టిక్ మెత్తబడుతూ ఉంటుంది.

జిరాక్స్ మిషను, లేజర్ ప్రింటరు, లామినేషన్ మిషను ఉన్నవాళ్లు మిషన్ వెనక రేకు మీద రాసిన వాట్లే తీసుకోండి. ఊహించి వేయకండి. ఇవి లోపల వేడి చేసే మిషన్లు, వేడెక్కే సమయంలో ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి.

ఎలక్ట్రీషియన్ ఉంటే క్లాంప్ మీటర్‌తో చూపించుకోండి. ఒక జాగ్రత్త ఉంది. మీటరు కొక్కెంలో ఒక్క ఫేజ్ వైరే ఉండాలి. బాక్సు కేబుల్ మొత్తాన్ని పెడితే ఫేజ్, న్యూట్రల్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఆ సున్నా చూసి "లోడే లేదు" అని సంతోషపడిన ఓనర్లున్నారు. కొలవాల్సింది బోర్డులో ఎంసీబీ దగ్గరి ఫేజ్ వైరు మీద. అది ఎలక్ట్రీషియన్ పని, మీరు బోర్డు విప్పకండి.

4. చేత్తో, ముక్కుతో, కంటితో చూడండి

అన్నీ నడుస్తూ అరగంట గడిచాక, పొడి చేతి వెనక భాగంతో బాక్సు పైభాగం, వైరు, గోడ ప్లగ్గు తాకి చూడండి. వైరు తొక్క ఒలిచిపోయి ఉన్నా, బాక్సు పగిలి ఉన్నా తాకకండి, ముందు మెయిన్ ఆపండి. గోరువెచ్చగా ఉంటే రాసుకోండి. చేయి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ లైన్ వెంటనే ఆపేయండి, రేపటిదాకా ఆగొద్దు.

ఒక హాస్టల్లో మూడో అంతస్తు గదిలోకి పిలిచారు. "రెండు రోజుల నుంచి చేపల వాసన వస్తున్నది, ఎలుక చచ్చిందేమో అనుకున్నం" అన్నారు పిల్లలు. పరుపు ఎత్తితే కింద బాక్సు ఉంది. కొన్నప్పుడు తెల్లటిది, ఒక పక్క పసుపెక్కి, సాకెట్ రంధ్రాల చుట్టూ బెల్లం రంగుకు మారింది. కెటిల్ పిన్ను లాగితే పిన్నుతో పాటు ప్లాస్టిక్ కూడా తీగలా సాగుతూ వచ్చింది. పరుపు అడుగు గుడ్డ మీద అరచేతి వెడల్పున గోధుమ రంగు మరక. దాని మీదే ఒక పిల్లాడు రెండు రాత్రులు పడుకున్నాడు.

కాబట్టి కారణం తెలియని చేపల వాసన వస్తే ముందు ప్లగ్గులు చూడండి. వేడెక్కిన ప్లాస్టిక్‌కు అలాంటి వాసనే వస్తుంది. పిన్ను పెడితే చిటపటమన్నా, పిన్ను ఇత్తడి నల్లబడినా, సాకెట్‌లో పిన్ను వదులుగా ఊగినా ఆ బాక్సు పని అయిపోయినట్టే.

5. ఈ రోజే తీసేయాల్సినవి

వీటికి మరమ్మతు లేదు, బేరం లేదు:

- ఒక బాక్సులో ఇంకో బాక్సు పెట్టినవి. ఇన్‌స్పెక్టర్ కంట్లో మొదట పడేది ఇదే.
- ఇస్త్రీ పెట్టె, కెటిల్, నీళ్ల రాడ్డు, ఇండక్షన్ పొయ్యి, ఏసీ, గీజరు పెట్టినవి. ఇవి నేరుగా గోడ పాయింటుకే ఉండాలి.
- పెద్ద పిన్నును చిన్న సాకెట్‌లో పట్టించే కన్వర్టర్లు. కంపెనీ ఆ పిన్నును పెద్దగా చేసింది ఎక్కువ కరెంటు లాగుతుందనే.
- చెక్క పలక మీద రెండు సాకెట్లు బిగించి ఇంట్లో చేసుకున్న డబ్బాలు.
- టేపు చుట్టిన జాయింటు ఉన్న వైర్లు.
- ఎర్త్ పిన్ను విరగ్గొట్టినవి, ఎర్త్ తీగ లేకుండా రెండు కోర్ల (లోపలి తీగల) వైరే ఉన్నవి.
- కార్పెట్ కింద, పరుపు కింద, తలుపు సందులోంచి, కిటికీలోంచి పోయినవి.
- మెట్ల మీద, బయటికి పోయే దారిలో కాళ్లకు తగిలేవి.

బట్టల షాపులవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. డిస్‌ప్లే లైట్ల బాక్సు చీరల కట్టల వెనక ఉంటే అది ఎంత మంచి కంపెనీదైనా తీసేయండి. బాక్సు చుట్టూ గాలి ఆడాలి.

6. గోడ పాయింట్లు వేయించండి

తీసేశాక ఏం చేయాలి? నోటుబుక్కులో ఏ బాక్సు రోజూ, ఒకే చోట, ఒకే మిషనుకు వాడుతున్నారో చూడండి. అక్కడ గోడ పాయింటు కావాలి. 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్త్ వైరుతో సహా. జిరాక్స్ మిషను లాంటి దానికి బోర్డు నుంచి విడిగా లైను, విడిగా ఎంసీబీ.

అద్దె షాపు, ఓనర్ గోడ కొట్టనివ్వడంటారా? పీవీసీ కేసింగ్ పట్టీలో గోడ పైనుంచే లైను వేయించవచ్చు. రెండు మూడు పాయింట్లు పూటలో అయిపోతాయి, ఖాళీ చేసేటప్పుడు స్క్రూల గుర్తులే మిగులుతాయి. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు "మీ బిల్డింగుకే మంచిది సార్, ఖర్చు అద్దెలో సర్దుకుందాం" అని మొదలుపెట్టండి. ఒప్పుకున్నవాళ్లే ఎక్కువ.

జాగ్రత్త: ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 పెట్టించుకోకండి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు" అన్నా వద్దనండి. లోపలి వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే అది కాపాడాల్సిన వైరును గాలికి వదిలేసినట్టే. ఇన్‌స్పెక్టర్లు బోర్డు మూత తీయించి వైరు లావు, ఎంసీబీ నంబరు పక్కపక్కన చూస్తారు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఇదే పనిలో పెట్టించేయండి. షాక్ నుంచి మనిషిని కాపాడేది అది. అయితే బాక్సు మీద లోడు ఎక్కువైతే అది కూడా పడదు, ఆ పని దానిది కాదు.

7. తప్పనిసరైన చోట మంచి బాక్సు కొనండి

కంప్యూటరు, మానిటరు, ఛార్జర్లలాంటి చిన్న లోడ్లకు బాక్సు వాడుకోవచ్చు. ఐఎస్ఐ గుర్తు చూడండి. సాకెట్లకు ప్రమాణం ఐఎస్ 1293. వైరు మీద మూడు కోర్లు, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు అని అచ్చు ఉండాలి. 6 ఆంపియర్ల బాక్సుకు 0.75కు తక్కువ వద్దు, 1.0 ఉంటే నిశ్చింత. ఓవర్‌లోడ్ బటన్ ఉన్నదే తీసుకోండి. లోడు ఎక్కువైతే అది టక్కున ఆగి బాక్సు వైరును కాపాడుతుంది, గోడ ఎంసీబీ చేయలేని పని ఇదే. వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మిగిలిన వైరును చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేయకండి, చుట్టలో వేడి బయటికి పోదు.

బాక్సును నేల మీద వదలకుండా బల్ల పక్కన స్క్రూకు తగిలించండి. ఊడ్చి తడి గుడ్డ పెట్టే మనిషి కూడా నిశ్చింతగా పని చేసుకుంటుంది.

8. ఒక పలుచని ఫైలు తయారు చేయండి

నోటుబుక్కు పేజీల జిరాక్స్, ముందు తర్వాత ఫొటోలు, ఎలక్ట్రీషియన్ బిల్లు, ఆయన లైసెన్సు నంబరుతో ఎర్తింగ్, ఇన్సులేషన్ చూసినట్టు సంతకం చేసిన కాగితం, సిలిండర్ రీఫిల్ బిల్లు. ఫైర్ శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉంటే దాని కాపీ. అంతే, లావు ఫైలు అక్కర్లేదు.

సిలిండర్ల గురించి కూడా చాలామంది తికమక పడతారు. కరెంటు మంటలకు కార్బన్ డయాక్సైడ్‌ది గానీ, ఏబీసీ పౌడర్‌ది గానీ ఉండాలి. పౌడర్ సిలిండర్‌కు ఉండే ప్రెజర్ మీటరు ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందో లేదో చూడాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ఆ మీటరు ఉండదు, దాన్ని తూకం వేసి చూస్తారు. "మీటర్ లేదు, డూప్లికేట్ ఇచ్చిండు" అని గొడవపడి తిరిగి ఇచ్చేసినవాళ్లున్నారు.

ఇన్వర్టర్ గానీ, పెద్ద యూపీఎస్ గానీ ఉంటే మెయిన్ పక్కనే "ఇన్వర్టర్ ఇక్కడ ఉంది, ఇది కూడా ఆపాలి" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మంటలు ఆర్పడానికి వచ్చినవాళ్లు మెయిన్ ఆపి లోపలికి వస్తారు, ఇన్వర్టర్ లైను మాత్రం బతికే ఉంటుంది.

9. ఇన్‌స్పెక్షన్ రోజు

వచ్చిన సార్‌నో మేడంనో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫైలు వాళ్ల ముందు పెట్టండి. తర్వాత మీరే వెంట తిరగండి. పనివాణ్ణి పంపి మీరు కౌంటర్ దగ్గర కూర్చోవద్దు.

ఇంకా పూర్తికాని పని ఉంటే మీరే ముందు చెప్పండి: "సార్, ఈ రెండు పాయింట్లు ఇంకా వేయించాలి. మేస్త్రీ ఆదివారం వస్తడు. అప్పటిదాకా ఈ మిషను ఆపి పెట్టినం." వాళ్లు కనిపెట్టాక చెప్పే సాకు కంటే ముందే చెప్పిన లోపం చాలా నయం.

అభ్యంతరం చెబితే వాదించకండి. "పక్క షాపులో కూడా ఇట్లనే ఉంది సార్" అనే మాట అస్సలు వద్దు. "ఏ చోట, ఏం మార్చాలో ఒకసారి చూపిస్తారా సార్, రాసుకుంటా" అని అడిగి, ఆ బాక్సు నంబరు ఎదురుగా రాసుకోండి. వాళ్లు చెప్పింది సరికాదనిపిస్తే, అంటే ఓవర్‌లోడ్ బటన్ ఉన్న మంచి బాక్సుకు రెండు కంప్యూటర్లే ఉన్నా తీసేయమంటే, లోడు లెక్క చూపించి అడగండి. అంకెలు ముందు పెడితే చాలామంది వింటారు. అయినా వద్దంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని కోరండి.

డబ్బులడిగితే? "నోటీసు ఇవ్వండి సార్, సరిచేసి జవాబిస్తా" అన్న ఒక్క మాట మీదే ఉండండి. లంచం ఫిర్యాదులకు ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064. నాకు తెలిసి పని సక్రమంగా ఉన్నచోట ఇంతదాకా రావటం తక్కువ.

10. తర్వాత

నోటీసు ఇస్తే గడువు తేదీ గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పని అయ్యాక ఒక పేజీ జవాబు రాయండి. ఇలా సరిపోతుంది:

"అయ్యా, తమరు ఫలానా తేదీన మా షాపును తనిఖీ చేసి సూచించిన మార్పులు పూర్తి చేశాము. 3, 7 నంబర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సులు తొలగించి, వాటి స్థానంలో విడి ఎంసీబీతో గోడ పాయింట్లు వేయించాము. ఫొటోలు, ఎలక్ట్రీషియన్ ధ్రువపత్రం జతపరిచాము. పరిశీలించగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాపీ రేపు ఎందుకూ అక్కరకు రాదు.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

కొత్త పాయింట్లు వేయించిన వారానికి, అన్నీ నడుస్తున్నప్పుడు మళ్లీ అరగంట పరీక్ష చేయండి. కొత్త సాకెట్ వేడెక్కితే లోపల స్క్రూ వదులుగా ఉందని అర్థం, మేస్త్రీని పిలిపించి బిగించుకోండి. కొత్త పని కదా అని వదిలేసేది ఇక్కడే.

నెలకోసారి ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కండి, కంప్యూటర్లు ఆపాకే. టక్కున పడాలి. పడకపోతే అది గోడకు బిగించిన బొమ్మే, మార్చండి.

నంబర్లు లేని బాక్సు ఎక్కడైనా కొత్తగా కనిపిస్తే అది మీకు చెప్పకుండా ఎవరో తెచ్చింది. హాస్టల్ వార్డెన్లు దీన్నే గుర్తుగా పెట్టుకుంటే గదుల తనిఖీ పది నిమిషాల పని. తిట్టకుండా అడగండి, ఎందుకు తెచ్చాడో. చాలాసార్లు మంచం దగ్గర ఛార్జింగ్ పాయింటు లేకపోవటమే కారణం. అక్కడొక పాయింటు వేయిస్తే ఆ బాక్సు దానంతటదే పోతుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో మీ దగ్గరి ఫైర్ స్టేషన్‌కు వెళ్లి అడిగితే సిలిండర్ ఎలా వాడాలో పిల్లలకు, పనివాళ్లకు చూపిస్తారు. మెయిన్ ఎవరు ఆపాలి, 101కు ఎవరు ఫోన్ చేయాలి అనేది ఆ రోజే పేర్లతో సహా తేల్చుకుని, ఆ కాగితాన్ని మెయిన్ బోర్డు పక్కన అంటించండి.